కర్నూలు నుంచి కడప ఎంత దూరం?

రెండు ఊళ్ళ పేర్లు ఇస్తే వాటి మధ్య దూరమెంతో, విమానంలో ఎంతసేపు పడుతుందో చెప్పే పుటలు అంతర్జాలంలో కోకొల్లలు. లండను, పారిసుల గురించి అడిగితే సుమారు 340 కిలోమీటర్లు, గంటంబావు ప్రయాణం అని జవాబు వస్తుంది. ఆ జవాబు వెనుక నిజంగానే విమానాలున్నాయి. 1994లో సముద్రం అడుగున సొరంగం తెరిచిన తరువాత రైళ్ళూ ఉన్నాయి. 2007 నుంచి ఆ రైలు ఒక నగరం నడిబొడ్డు నుంచి మరొక నగరం నడిబొడ్డుకు రెండుంబావు గంటల్లో చేరుస్తోంది.

అదే ప్రశ్నను కర్నూలు, కడపల గురించి అడిగినా ఒక లెక్క వస్తుంది. దానిని మనమే వేసుకోవచ్చు. కర్నూలు కంటే కడప అక్షాంశంలో 1.36 డిగ్రీలు దక్షిణాన, రేఖాంశంలో 0.78 డిగ్రీలు తూర్పున ఉంది. మన ప్రాంతంలో అక్షాంశం ఒక డిగ్రీకి 111 కిలోమీటర్లు, రేఖాంశం ఒక డిగ్రీకి 107 కిలోమీటర్లు ఉంటుంది. అంటే దక్షిణానికి 151, తూర్పుకు 84. ఆ రెండింటితో త్రిభుజం గీస్తే కర్ణం 170 కిలోమీటర్ల పైచిలుకు. గంటకు అయిదు వందల కిలోమీటర్ల వేగంతో పోయే చిన్న విమానానికి అది ఇరవై నిమిషాల పని.

లెక్కలో దోషం లేదు. అయితే ఆ గీత వెంట ప్రయాణికులను మోసుకుపోయే విమానం లేదు, రైలు లేదు, కాలువ లేదు. రోడ్డు ఉంది గాని అదీ 200 కిలోమీటర్లు దాటుతుంది. కాలువ వెంట పోతే 300 కిలోమీటర్లు. రైలులో పోతే దాదాపు మరో 300. విమానంలో పోదామనుకుంటే చెన్నై మీదుగా 600. ఒకే రెండు ఊళ్ళ మధ్య ఇన్ని దూరాలు ఎందుకున్నాయో చూస్తే, రాయలసీమ గత రెండు వందల ఏళ్ళ చరిత్రలో ముఖ్యమైన భాగం కళ్ళకు కడుతుంది. దూరాన్ని నేల నిర్ణయిస్తుందని మనం అనుకుంటాం. నేల నిర్ణయించేది కొంతే. ఎవరు ఎక్కడికి పోవడం కోసం ఎవరు దారి వేశారన్నదే మిగిలినదంతా నిర్ణయిస్తుంది.

ముందు నేల సంగతి చూద్దాం. ఈ రెండు ఊళ్ళ మధ్య ప్రకృతి పెట్టిన అడ్డంకి పెద్దదేమీ కాదు. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల. వాటి నడుమ కుందేరు పారే లోయ ఉత్తరం నుంచి దక్షిణానికి బాట పరిచినట్టు ఉంటుంది. కర్నూలు వదిలి ఎర్రమల రాళ్ళగుట్టలు దాటితే నంద్యాల. అక్కడి నుంచి ఆళ్ళగడ్డ, చాగలమర్రి, దువ్వూరు, మైదుకూరు. చెన్నూరు దగ్గర పెన్న దాటితే కడప. ఎండాకాలంలో బండికి అడ్డు లేదు. వానాకాలంలో మాత్రం నంద్యాల సీమలోని నల్లరేగడిలో బండి చక్రం ఇరుసు దాకా దిగబడిపోయేది. అందుచేత ఆ రోజుల్లో దూరాన్ని మైళ్ళలో కాక మజిలీల్లో చెప్పడమే సబబుగా ఉండేది. నాలుగు క్రోసులు ఒక ఆమడ. ఆ ఆమడ కొందరి లెక్కలో ఎనిమిది మైళ్ళు, కొందరి లెక్కలో పది. కర్నూలు కడపలు ఈ లెక్కన పదమూడు నుంచి పదహారు ఆమడలు. రోజుకు పది పన్నెండు మైళ్ళు నడిచే ఎద్దుల బండికి పదకొండు నుంచి పదమూడు రోజులు. ఈ కొలతలో ఖచ్చితత్వం తక్కువే గాని, నీడ ఎక్కడ, నీళ్ళెక్కడ, ఎద్దులను ఎక్కడ విప్పాలి అన్న లోకజ్ఞానం అందులోనే ఇమిడి ఉండేది.

గీత గీసినట్టు ఇంత దూరం అని చెప్పగలిగిన విద్య ఈ సీమకు లాంబ్టన్‌తో వచ్చింది. భూగోళం ఆకారాన్నే కొలవాలన్న సంకల్పంతో విలియం లాంబ్టన్ కన్యాకుమారి వైపు నుంచి ఉత్తరానికి, 78వ రేఖాంశం సమీపంగా, త్రిభుజాల మాల అల్లుతూ వచ్చాడు. ఆ మాలకు ఆధారమైన ఒక మూలరేఖను 1811లో గుత్తి వద్ద కొలిచాడు. కర్నూలు ఆ 78వ రేఖాంశం చెంతనే ఉంది. నేడు మనం గడియకొకసారి చూసుకునే పటాల్లోని దూరాలకు తాతముత్తాతలు ఆ గుట్టల మీద కొలిచిన కోణాలే. అయితే కొలిచినవారి అవసరం వేరు. 1800లో నిజాము ఈ మండలాలను కంపెనీకి ధారాదత్తం చేశాడు. తమ చేతికి వచ్చిన నేల ఎంతో, దాని మీద శిస్తు ఎంత రాగలదో వారికి తెలియాలి. థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా ఉండి చేయించిన పని అదే. 1808లో ఆ మండలాలను బళ్ళారి, కడప జిల్లాలుగా విడదీశారు.

కర్నూలు పట్టణం మాత్రం ఆ పంపకంలో లేదు. అది 1839 దాకా నవాబుల చేతిలోనే ఉంది. అంటే ఆ నలభై ఏళ్ళూ కర్నూలు నుంచి కడపకు పోవడమంటే ఒక రాజ్యం నుంచి మరొక రాజ్యానికి పోవడం. ఆ సరిహద్దును దాటి, దాటినప్పుడు చూసినదంతా రాసిపెట్టిన తెలుగువాడు ఒకడు మనకున్నాడు. చెన్నపట్టణం సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరాడు. తిరుపతి మీదుగా కడపకు, అక్కడి నుంచి దువ్వూరు, అహోబిలం, మహానంది, ఆత్మకూరు మీదుగా శ్రీశైలానికి, తరువాత హైదరాబాదుకు ఆయన దారి. కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు రాసిన లేఖలే 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయ్యాయి.

ఈ పుస్తకాన్ని యాత్రాసాహిత్యంగా చదివేవారు ఎక్కువ. నేను దానిని దూరాల పుస్తకంగా కూడా చదువుతాను. ఏ మజిలీకి ఏ మజిలీ ఎంత దూరమో, బాట ఇసుకపర్రో రాళ్ళదారో, ఊళ్ళో సరుకులు దొరుకుతాయో లేదో ఆయన ఓపికగా నమోదు చేస్తూ పోయాడు. తన వెనుక బోయీలు, పరివారం అంతా కలిసి పెద్ద గుంపు. ఆ గుంపుకు ఏ పూట ఎక్కడ బియ్యం దొరుకుతుందన్నది ఆయనకు మైళ్ళ లెక్క కంటే ముఖ్యం. కడప నుంచి ఉత్తరానికి పోతూ ఆయన కర్నూలు పట్టణం తొక్కకుండానే పోయాడన్నది కూడా గమనించదగ్గది. కాశీకి పోయే చెన్నపట్టణం యాత్రికుడికి దారిలో తగలవలసినవి అహోబిలం, మహానంది, శ్రీశైలం. కర్నూలు కాదు. ప్రయాణికుడి గమ్యాన్ని బట్టి దారి ఏర్పడుతుంది, దారిని బట్టి ఊళ్ళు దగ్గరో దూరమో అవుతాయి.

1839లో కంపెనీ కర్నూలు నవాబును పదవి నుంచి తొలగించి ఆ సీమను స్వాధీనం చేసుకుంది. అయినా కర్నూలు వెంటనే మామూలు జిల్లా కాలేదు. 1858లో గాని ఆ పని పూర్తి కాలేదు. అప్పుడు కడప, బళ్ళారి జిల్లాల నుంచి కొన్ని తాలూకాలు తీసి కర్నూలుకు చేర్చారు. కోయిలకుంట్ల అలా వచ్చినదే. అందుకే 1846లో కోయిలకుంట్ల ఖజానా మీద పడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి, నేటి లెక్కలో కర్నూలు సీమ వీరుడైనా, ఆనాటి లెక్కలో కడప జిల్లా తిరుగుబాటుదారు. ఆయనను 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలోనే ఉరితీశారు. ఈ పేరు, ఈ ఊరు మళ్ళీ మన దారిలో తగులుతాయి.

ఇప్పుడు 1860 దశకానికి వద్దాం. కర్నూలు కడపల మధ్య దూరం తగ్గించడానికి రెండు పెద్ద ప్రయత్నాలు ఒకే కాలంలో సాగాయి. ఒకటి కాలువ, రెండవది రైలు. అప్పటికి దేశమంతటా ఈ రెండింటి మీద వాదం నడుస్తోంది. గోదావరి, కృష్ణలకు ఆనకట్టలు తలపెట్టిన ఆర్థర్ కాటన్‌ది కాలువ పక్షం. పడవ మీద సరుకు చవకగా పోతుంది, ఆ నీరే పొలానికీ పారుతుంది, రైలుకు ఆ రెండో గుణం లేదు అని ఆయన వాదన. తుంగభద్ర నీటిని పెన్న లోయకు మళ్ళించి, అక్కడి నుంచి నెల్లూరు సముద్రతీరం దాకా పడవలు నడిచే కాలువ తవ్వాలన్నది ఆయన ఊహ. ఆ ఊహలో ఒక్క ముక్క మాత్రమే నిజమైంది. అదే కర్నూలు కడప కాలువ.

దానిని తవ్వినది మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. ప్రభుత్వం పది లక్షల పౌండ్ల పెట్టుబడికి అయిదు శాతం వడ్డీ హామీ ఇచ్చింది. కాలువ పారినా పారకపోయినా వాటాదారుకు వడ్డీ ముట్టుతుంది. 1863లో పని మొదలైంది, 1871 నాటికి కాలువ వాడకంలోకి వచ్చింది. కర్నూలుకు ఎగువన సుంకేసుల వద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కర్నూలు పట్టణంలో హంద్రిని వంతెనకాలువ మీదుగా దాటించి, నంద్యాల సీమ గుండా కడప దాకా తెచ్చారు. మొత్తం పొడవు 190 మైళ్ళు, అంటే 306 కిలోమీటర్లు. గీత గీస్తే 170 కిలోమీటర్లుండే దూరం కాలువలో 306 ఎందుకైంది? నీరు మనిషిలా గుట్ట ఎక్కి దిగదు. నేల వాలును అనుసరించి, ప్రతి వాగు దగ్గరా వంక దగ్గరా చుట్టూ తిరిగి పోతుంది. పైగా కర్నూలు కంటే కడప వంద మీటర్లకు పైగా పల్లంలో ఉంది. అంత వాలును పడవ దిగాలంటే మెట్లు మెట్లుగా లాకులు కట్టాలి. ప్రతి లాకు దగ్గరా పడవ ఆగాలి. సముద్రం దాకా తవ్వి ఉంటే ఆ ఆలస్యానికి ఫలం ఉండేదేమో. కడప దగ్గర ఆగిపోయిన కాలువలో బేరానికి పోయే పడవలు ఎన్ని? నీరు ఏడాది పొడుగునా ఉండదు కూడా. కంపెనీ నష్టాల్లో కూరుకుపోయింది. 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది. కాలక్రమాన పడవలు మాయమయ్యాయి, పొలాలకు నీరు మిగిలింది. ఈనాడు కె.సి. కెనాలు అన్నప్పుడు ఆ రెండు అక్షరాలు రెండు ఊళ్ళ పేర్లనీ, ఒకప్పుడు వాటిని పడవతో కలపాలనుకున్నారనీ గుర్తుకు తెచ్చుకునేవారు అరుదు.

రైలు కథ వేరు. మద్రాసు నుంచి వాయవ్యంగా బయలుదేరిన రైలుదారి రేణిగుంట మీదుగా 1860 దశకంలోనే కడపకు వచ్చింది. అక్కడి నుంచి తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు దాటి 1871లో రాయచూరు చేరి బొంబాయి నుంచి వచ్చిన దారితో కలిసింది. బొంబాయిని మద్రాసుతో కలపడమే దాని ఉద్దేశం. కడప ఆ దారిలో పడింది, కర్నూలు పడలేదు. ఫలితంగా కడప నుంచి వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్న బొంబాయికి రైలెక్కి పోవచ్చు, పొరుగున ఉన్న కర్నూలుకు మాత్రం బండి కట్టాల్సిందే. కర్నూలు పట్టణానికి దగ్గరి రైలు స్టేషను గుత్తి, దాదాపు అరవై మైళ్ళు.

ఆ అరవై మైళ్ళ ధర ఎంతో అయిదేళ్ళు తిరగకుండానే తెలిసివచ్చింది. 1876లో వానలు ముఖం చాటేశాయి. 1878 దాకా సాగిన ఆ కరువును మన ఊళ్ళలో ధాత కరువు అంటారు. కర్నూలుకు ధాన్యం చేరాలంటే రైలు మీద గుత్తి దాకా రావాలి, గుత్తి నుంచి ఎద్దుల బండి మీద పోవాలి. పోవడానికి అయిదు రోజులు, తిరిగి రావడానికి అయిదు రోజులు. బాట వెంట గడ్డిపోచ లేదు, చెరువులో చుక్క లేదు. ఎద్దులకు మేత కూడా బండి మీదే మోసుకుపోవాలి. మేతను మోసినంత మేర మనుషుల తిండి తగ్గుతుంది. ఎద్దులు పడిపోతే బండే లేదు. మంచి కాలంలో అయిదు రోజుల దూరం కరువులో దాటరాని దూరమైంది.

ఆ ఏళ్ళకు అటూ ఇటూ జరిగిన రెండు జనాభా లెక్కలు పక్కపక్కన పెట్టి చూడండి. కడప జిల్లాలో 1871లో పదమూడున్నర లక్షల మంది ఉంటే 1881లో పదకొండు లక్షల ఇరవై వేల మంది మిగిలారు. ఆరో వంతు తగ్గింది. కర్నూలు జిల్లాలో 1871లో తొమ్మిది లక్షల పద్నాలుగు వేల మంది ఉంటే 1881లో ఆరు లక్షల డెబ్బయి ఎనిమిది వేల మంది. నాలుగో వంతుకు పైగా తగ్గింది. ఈ తేడా అంతా రైలు వల్లనే అని నేననను. నేల వేరు, చెరువులు వేరు, వలసపోయినవారూ ఉంటారు. కొత్త కాలువ నీరు దాని గట్టున ఉన్న ఊళ్ళకే గాని పడమటనున్న పత్తికొండ వంటి తాలూకాలకు అందదు. పైగా రైలు ధాన్యాన్ని తెచ్చినట్టే తీసుకుపోగలదు కూడా. రైలు పక్కనున్న ఊళ్ళలో ఉన్న గింజలను వర్తకులు ధర ఎక్కువ పలికే చోటికి తరలించిన సంగతి ఆ కరువు చరిత్ర రాసినవారందరూ చెప్పినదే. అయినా ఆ రెండు జిల్లాల అంకెలను, రైలుదారి పటాన్ని ఒకచోట పెట్టి చూసినవాడికి ఆ అరవై మైళ్ళు కంటిలో నలుసులా మెదులుతూనే ఉంటాయి.

దూరం ఆ కరువులో మరొక రూపంలోనూ ప్రత్యక్షమైంది. కరువు పనికి వచ్చేవారిలో నిజంగా గతిలేనివారు ఎవరో తేల్చడానికి సర్ రిచర్డ్ టెంపుల్ కాలపు యంత్రాంగం పెట్టిన షరతుల్లో ఒకటి దూర పరీక్ష. ఇంటికి పది మైళ్ళ లోపల శక్తి ఉన్నవారికి పని ఇవ్వరు. పది మైళ్ళ అవతలి శిబిరానికి నడిచిపోగలిగితేనే కూలి. తిని ఉన్నవాడికి పది మైళ్ళు అంటే ఒక ఆమడ, ఒక పూట నడక. పస్తున్నవాడికి అదే పది మైళ్ళు ఒక జీవితం. భూమి మీద కొలిచిన దూరం ఒకటే, నడిచే కాళ్ళు వేరు. ఈ సీమలో దూరాన్ని సాధనంగా వాడుకుని మనుషులను వడపోసిన కాలం ఒకటుందని మనం మరచిపోరాదు.

కరువు ముగిశాక 1880లో కరువు కమిషను నివేదిక వచ్చింది. ధాన్యం చేరవేయడానికి రక్షక రైలుమార్గాలు వేయాలని అందులో చెప్పారు. ఆ పూనికలోనే బళ్ళారి, గుంతకల్లు వైపు నుంచి ద్రోణాచలం, నంద్యాల మీదుగా కృష్ణా తీరానికి మీటరు గేజి దారి పడింది. కర్నూలుకు రైలు మరింత దగ్గరికి వచ్చింది. ద్రోణాచలం నుంచి యాభై పైచిలుకు కిలోమీటర్లే. ఆ యాభై కిలోమీటర్ల శాఖ వేయడానికి ఇరవయ్యో శతాబ్దం రావలసి వచ్చింది. అప్పటికి గాని కర్నూలు పట్టణం రైలుకూత వినలేదు. దానితో కడప కర్నూలు రైలులో కలిశాయి. ఎలా కలిశాయి? కడప నుంచి గుంతకల్లుకు 185 కిలోమీటర్లు బ్రాడ్ గేజి మీద. అక్కడ దిగి మీటరు గేజి బండి ఎక్కి ద్రోణాచలానికి 69. అక్కడ మళ్ళీ కర్నూలు దారికి మళ్ళి 54. మొత్తం 308 కిలోమీటర్లు. కాలువ పొడవు 306 అని చెప్పుకున్నాం. నీరు చుట్టు తిరగడానికి నేల వాలు కారణం. రైలు చుట్టు తిరగడానికి కారణం మద్రాసు, బొంబాయి, బెజవాడ.

ఈ చుట్టుదారి బరువు 1953లో బయటపడింది. 1928లో నంద్యాల సభలో దత్తమండలాలకు రాయలసీమ అన్న పేరు నిలిచింది. 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడికలో రాజధాని, హైకోర్టులలో ఒకటి ఈ సీమకు రావాలన్న మాట కుదిరింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. కడప వాసికి రాజధాని మునుపెన్నడూ లేనంత చేరువైంది. పటం మీద చూస్తే నిస్సందేహంగా అంతే. రైలు టైంటేబిలు తెరిస్తే మాత్రం మరో కథ. కడప నుంచి మద్రాసుకు 260 కిలోమీటర్లు, ఒకే బండిలో నేరుగా పోవచ్చు. కడప నుంచి కర్నూలుకు 308 కిలోమీటర్లు, రెండు గేజిలు, మధ్యలో మారడాలు. తన సొంత సీమలోని రాజధాని కంటే వదిలిపెట్టి వచ్చిన రాజధానే రైలులో దగ్గర. కర్నూలు రాజధానిగా ఉన్నది మూడేళ్ళే, 1956 నవంబరు 1న అది హైదరాబాదుకు తరలిపోయింది. ఆ తరలింపుకు కారణాలు అనేకం, వాటిలో రాజకీయాలే ముఖ్యం. నేను చెప్పదలచినది అది కాదు. ఒక సీమ తన పట్టణాలను ఒకదానితో ఒకటి కలుపుకోలేని స్థితిలో ఉండగానే రాజధాని భారం మోయవలసి వచ్చిందన్నదే.

ఆ తరువాత ఈ లోటును పూడ్చే పని ఒకటి జరిగింది. నంద్యాల నుంచి ఎర్రగుంట్లకు కొత్త రైలుదారి. 1990 దశకంలో మంజూరైన ఈ 126 కిలోమీటర్ల దారి బనగానపల్లె, కోయిలకుంట్ల, సంజామల, నొస్సం, జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల మీదుగా సాగి, ఇరవై ఏళ్ళకు, 2016లో బండ్లకు తెరుచుకుంది. అంతకు ముందు నంద్యాల నుంచి కడపకు రైలులో గుంతకల్లు చుట్టి 330 కిలోమీటర్లు పోవాలి. ఇప్పుడు 165. సరిగ్గా సగం. నరసింహారెడ్డి కోయిలకుంట్లకు రైలుకూత వినబడింది. కర్నూలు పట్టణానికి మాత్రం ఆ భాగ్యం సగమే దక్కింది. నంద్యాల, కర్నూలుల మధ్య నేరుగా రైలుదారి లేదు గనుక మళ్ళీ ద్రోణాచలం చుట్టాలి. లెక్క వేస్తే కడప నుంచి కర్నూలుకు కొత్త దారిలోనూ 295 కిలోమీటర్లు తేలుతుంది. నూరేళ్ళలో రైలులో తగ్గిన దూరం పదమూడు కిలోమీటర్లు.

ఈ వ్యవహారమంతటిలో సామాన్యుడిని ఆదుకున్నది రోడ్డే. పాత బండ్లబాటే జాతీయ రహదారి అయింది, మొదట 18వ నంబరు, ఇప్పుడు 40వ నంబరు. నాలుగు వరసలుగా వెడల్పయింది. బస్సులో నాలుగు నుంచి అయిదు గంటలు. పదకొండు రోజుల దూరం అయిదు గంటలకు రావడం చిన్న విషయమేమీ కాదు. వీరాస్వామయ్య బోయీలు మోసిన ఆ లోయ వెంటే, అహోబిలానికి తిరిగే మలుపు దాటుకుంటూ, మన బస్సు పోతుంది.

ఇక విమానం. కడప విమానాశ్రయం 2015 జూన్ 7న కొత్తగా తెరిచారు. చిన్న పట్టణాలకు చవక విమానాలు అన్న ఉడాన్ పథకం కింద 2017 ఏప్రిల్ 27న ప్రధానమంత్రి ప్రారంభించిన తొలి సర్వీసుల్లో కడప హైదరాబాదు ఒకటి. దానిని నడిపిన సంస్థ 2022లో విమానాలు ఆపేసింది, మరొక సంస్థ వచ్చింది. కర్నూలు వైపు ఓర్వకల్లులో కట్టిన విమానాశ్రయాన్ని 2021 మార్చి 25న ప్రారంభించారు, 28 నుంచి బెంగుళూరు, విశాఖపట్నం, చెన్నైలకు విమానాలు మొదలయ్యాయి. దానికి పెట్టిన పేరు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. ఒకనాడు కడప జిల్లా తిరుగుబాటుదారుగా ఉరికంబమెక్కిన మనిషి పేరు ఇప్పుడు కర్నూలు ఆకాశద్వారం మీద ఉంది.

ఓర్వకల్లు నుంచి కడప విమానాశ్రయానికి గీత గీస్తే దాదాపు 150 కిలోమీటర్లు. ఉడాన్ పథకాన్ని 2016లో ప్రకటించినప్పుడు మైదాన ప్రాంతాల్లో 200 నుంచి 800 కిలోమీటర్ల మధ్య మార్గాలకే రాయితీ అన్నారు. కొండలకు, దీవులకు మినహాయింపు ఇచ్చారు. మన రెండు ఊళ్ళు ఆ కనిష్ఠ దూరానికి కూడా తూగలేదు. విమానానికి అవి మరీ దగ్గర, రైలుకు మరీ దూరం. పట్టుబట్టి విమానంలోనే పోదామనుకున్నవాడు ఓర్వకల్లు నుంచి చెన్నైకి 370 కిలోమీటర్లు, చెన్నై నుంచి కడపకు 225 కిలోమీటర్లు ఎగరాలి. ఆరు వందలకు అయిదు తక్కువ. 1871లో రైలు పటం ఏ తీరున ఉందో నూట యాభై ఏళ్ళ తరువాత విమానాల పటమూ అదే తీరున ఉంది. అన్ని దారులూ బయటి మహానగరానికి పోతాయి. మన ఊళ్ళు ఒకదానికొకటి కాక, ఒక్కొక్కటిగా ఆ నగరానికి పొరుగు.

నిజానికి నేరుగా విమానం వేసినా ఒరిగేదేమీ లేదు. గాలిలో ఇరవై నిమిషాలైనా, కర్నూలు నుంచి ఓర్వకల్లు పోవడం, గంట ముందు చేరడం, కడపలో దిగి ఊళ్ళోకి రావడం కలిపితే మూడు గంటలు. బస్సు కంటే ఒక గంట ఆదా. అందుచేత నేను విమానం కోసం అర్జీ పెట్టుకోవడం లేదు. లండను, పారిసుల మధ్య కూడా చివరికి గెలిచినది రైలే. అక్కడ 340 కిలోమీటర్ల కోసం సముద్రం కింద సొరంగం తవ్వారు. ఇక్కడ అడ్డున్నది సముద్రం కాదు. కర్నూలు, నంద్యాలల నడుమ డెబ్బయి కిలోమీటర్ల నేల, కొన్ని ఎర్రమల గుట్టలు.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడి నంద్యాల వేరుపడింది. దానితో కర్నూలు, కడప జిల్లాలకు ఉమ్మడి పొలిమేర కూడా లేకుండా పోయింది. 1858 నుంచి ఇరుగుపొరుగుగా ఉన్న జిల్లాలు ఇప్పుడు పటం మీద కూడా ఎడబాసినవే. తరువాతి తరం పిల్లవాడు ఈ రెండు ఊళ్ళ మధ్య దూరమెంతని అడిగితే 170 అని చెప్పవచ్చు, తప్పు లేదు. దానితో పాటు 205, 295, 306, 595 అన్న అంకెలు కూడా వాడికి చెప్పాలి. ఏ అంకె ఎవరి అవసరం వల్ల పుట్టిందో చెప్పాలి. ధాత కరువులో గుత్తి స్టేషను దగ్గర మొదలైన ఆ అరవై మైళ్ళ గురించి కూడా చెప్పాలి.